ఎవరి భయం భయం? టాడా నుంచి ఉపా దాకా ఒక దళిత పఠనం

టాడా మీద, పోటా మీద, ఇప్పుడు ఉపా మీద తెలుగులో వచ్చిన రాత తక్కువేం కాదు. పౌరహక్కుల సంఘాలు కరపత్రాలు వేశాయి, లాయర్లు వ్యాసాలు రాశారు, కవులు జైళ్లలోంచే రాశారు. ఈ రాతలన్నిట్లో ఒక పౌరుడు కనిపిస్తాడు. అతడు మాట్లాడతాడు, రాజ్యం అతడి నోరు మూస్తుంది. అయితే అతడికి కులం ఉండదు. ఊళ్లో అతడి ఇల్లు ఏ దిక్కున ఉందో ఎవరూ అడగరు. ఇంకోపక్క మనం, అంటే దళిత ఉద్యమం వాళ్లం, రాసినదాంట్లో 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంటుంది, కారంచేడు ఉంటుంది, చుండూరు ఉంటుంది. ఉపా మాత్రం ఉండదు. అది విప్లవకారుల గొడవ, ముస్లింల గొడవ అన్నట్టు పక్కన పెట్టేశాం. ఈ రెండు అలవాట్లూ మనకు నష్టం చేశాయన్నది మా వాదన.

అందుకే ఈ వ్యాసంలో రెండు రకాల చట్టాల్నీ పక్కపక్కన పెట్టి చదువుతున్నాం. చట్టం కూడా ఒక పాఠమే. ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, దాన్ని చదివే అధికారం ఎవరి చేతిలో ఉంది అని కథల్నీ కవిత్వాన్నీ అడిగినట్టే చట్టాన్నీ అడగాలి.

రెండు తేదీలు

టాడా 1985 మే నెలలో వచ్చింది. కారంచేడు మాదిగపల్లె మీద దాడి అదే ఏడు జూలై 17న జరిగింది. మధ్యన రెండు నెలలు కూడా లేవు. ఈ రెండు తేదీల్ని కలిపి చదివినవాళ్లు అరుదు.

టాడా టెర్రరిస్టు చర్యకు ఇచ్చిన నిర్వచనంలో ఒక మాట ఉంది. ప్రజల్లోగానీ, ప్రజల్లో ఏదైనా ఒక వర్గంలోగానీ భయోత్పాతం కలిగించే ఉద్దేశంతో మారణాయుధాలు వాడి చంపడం, గాయపరచడం నేరమని దాని సారాంశం. ‘ప్రజల్లో ఏదైనా ఒక వర్గం’ అన్న ఆ మాటే ఈనాటి ఉపా 15వ సెక్షన్లోనూ ఉంది. ఇప్పుడు కారంచేడును ఈ నిర్వచనం ముందు నిలబెట్టి చూడండి. గొడ్డళ్లు, బరిసెలు పట్టుకుని వందలాది మంది ఒక పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు ఊరొదిలి చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఒక వర్గంలో భయోత్పాతం అంటే ఇంకేమిటి? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. శవాల్ని కొన్నిటిని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అది భయం కాదా?

ఆ దాడుల్ని టెర్రరిజమని ఏ ప్రభుత్వమూ అనలేదు. ‘ఘర్షణ’ అన్నారు, ‘దురదృష్టకర సంఘటన’ అన్నారు. ఇక్కడ మమ్మల్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. కారంచేడు భూస్వాముల మీద టాడా పెట్టి ఉండాల్సిందని మేము అనడం లేదు. అట్లాంటి చట్టం ఎవరి మీదా ఉండకూడదు. మేము అడిగేది వేరు. నిర్వచనంలో ఉన్న ‘వర్గం’ అన్న మాటలోకి మాలమాదిగలు ఎందుకు రాలేకపోయారు? ఎవరి భయాన్ని ఈ దేశం భయంగా లెక్కేస్తుంది? చట్టం తన అక్షరాల్లో కులం పేరెత్తలేదు. దాన్ని చదివిన కంటికి కులం ఉంది.

కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008 అయింది, అంటే 23 ఏళ్లు. చుండూరు కోసం ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ నిర్దోషులన్నది. ఎనిమిది మంది చచ్చిపోయారు గానీ చంపినవాళ్లెవరూ లేరని తేలింది!

స్టూవర్టుపురం పాఠం

ఈ మూడో ఊరి పేరు తీసుకోకుండా టాడా కథ పూర్తికాదు. 2022లో కొత్తగా ఏర్పడ్డ బాపట్ల జిల్లాలోకి కారంచేడు, చుండూరుతో పాటు స్టూవర్టుపురమూ వచ్చింది. పుట్టుకతోనే నేరస్తులని ఒక జనాన్ని రాసిపెట్టిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించారు. దాని నీడలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటు స్టూవర్టుపురం. అక్కడి ఎరుకల వాళ్లు హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. ఏం చేశావు అని వాళ్లనెవరూ అడగలేదు. నువ్వెవరివి అని అడిగారు, ఆ జవాబే నేరమైంది. 1952లో ఆ చట్టం పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలొచ్చాయి. పోలీసు స్టేషన్లో షీటు అట్లాగే మిగిలింది.

టెర్రరిస్టు వ్యతిరేక చట్టాల మీద వచ్చిన విమర్శల్లో ఎక్కువ భాగం వాటి వంశవృక్షాన్ని రౌలట్ చట్టంతో మొదలుపెడతాయి. అది జాతీయోద్యమానికి తెలిసిన చరిత్ర, సభల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. మనకు తెలిసిన చరిత్ర స్టూవర్టుపురంది. 2019లో ఉపాకు చేసిన సవరణను ఆ చరిత్రతో కలిపి చదివితేగాని దాని అసలు రూపం బయటపడదు. అంతకుముందు సంస్థల్నే టెర్రరిస్టు సంస్థలని ప్రకటించేవారు. ఆ సవరణతో ఒక మనిషిని, విచారణ లేకుండా, శిక్ష లేకుండా, కేంద్ర ప్రభుత్వం టెర్రరిస్టని షెడ్యూల్లో రాయవచ్చు. చేసిన పని పక్కకుపోయి మనిషే నేరంగా మారడం ఈ దేశంలో కొత్తది కాదు. కులం చేసే పని మొదటినుంచీ అదే.

బారా, బథానీటోలా

రెండు చదువులు అంటే ఏమిటో బీహార్ చెబుతుంది. 1992 ఫిబ్రవరిలో గయ జిల్లా బారా గ్రామంలో 35 మంది దాకా భూమిహార్లను మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ వాళ్లు చంపారు. అది ఘోరమే, దాన్ని మేము సమర్థించడం లేదు. ఆ కేసును టాడా కింద నడిపించారు. 1995లో టాడా గడువు తీరిపోయింది గానీ పాత కేసులు మాత్రం బతికే ఉన్నాయి. 2001లో, అంటే చట్టం చచ్చిన ఆరేళ్లకు, గయ టాడా కోర్టు నలుగురికి ఉరిశిక్ష వేసింది. వాళ్లు పేదలు, అందులో దళితులున్నారు. 2002లో సుప్రీంకోర్టు ఆ ఉరిని ఖాయం చేసింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు. చివరికి 2017లో రాష్ట్రపతి ఉరిని యావజ్జీవంగా మార్చారు.

అదే బీహార్లో 1996 జూలైలో రణవీర్ సేన బథానీటోలాలో 21 మందిని చంపింది. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. 1997 డిసెంబర్ 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని చంపింది. అప్పటికి టాడా లేదు నిజమే. మామూలు చట్టాల కిందనే 2010లో కింది కోర్టులు శిక్షలు వేశాయి. 2012లో బథానీటోలా కేసులో, 2013లో బాథే కేసులో పాట్నా హైకోర్టు శిక్షపడ్డవాళ్లందర్నీ వదిలేసింది. సాక్ష్యం నమ్మదగ్గది కాదన్నది. దళితులు ముద్దాయిలైనప్పుడు ఉరితాడు దాకా పనికొచ్చిన ప్రత్యక్షసాక్షి, దళితులు బాధితులైనప్పుడు నమ్మదగని సాక్షి అయ్యాడు. తప్పు ఒక్క చట్టంలోనే ఉందనుకుంటే ఈ తేడా అర్థం కాదు.

మాట ఎట్లా నేరమైంది

టాడాలో రెండో నేరం ఒకటుంది, ‘విచ్ఛిన్నకర చర్య’. చేతలతోగానీ, ఉపన్యాసంతోగానీ, మరే మాధ్యమంతోగానీ దేశ సమగ్రతను ప్రశ్నించడం దానిలోకి వస్తుంది. బాంబుతో పాటు మాటనూ ఒకే చట్టంలో, ఒకే జైల్లో పెట్టింది టాడాయే. 1994 దాకా ఈ చట్టం కింద 76 వేల మందికి పైగా అరెస్టయ్యారు. శిక్షపడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. శిక్ష వేయడం ఆ చట్టం పని కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. కోర్టులో నేరం రుజువైనా కాకపోయినా, బెయిలు లేని ఏళ్లే శిక్ష.

పోటాను 2002 మార్చిలో పార్లమెంటు ఉభయసభల్ని కలిపి కూర్చోబెట్టి పాస్ చేయించుకున్నారు. ఆ ఏడాదే తమిళనాడులో వైకోను ఎల్‌టీటీఈకి మద్దతుగా ఒక సభలో మాట్లాడినందుకు అరెస్టు చేసి ఏడాదిన్నరకు పైగా జైల్లో ఉంచారు. ఆయన అప్పుడు పార్లమెంటు సభ్యుడు, ఆ పోటాకు ఓటేసిన కూటమిలోని వాడు. 2003 డిసెంబర్లో సుప్రీంకోర్టు పోటాను నిలబెడుతూనే, టెర్రరిజానికి తోడ్పడే ఉద్దేశం లేని ఉట్టి మద్దతు మాట నేరం కాదని చెప్పింది. ఎంపీకే ఏడాదిన్నర పట్టిన చోట పల్లెలో పాట పాడే కుర్రాడికి ఎన్నేళ్లు పట్టాలి?

పాట అన్నాం గనక పుణెకు చెందిన కబీర్ కళామంచ్‌ను గుర్తుచేసుకోవాలి. అంబేద్కర్ పాటలు పాడే దళిత యువకుల బృందం అది. 2011 నుంచి వాళ్ల మీద ఉపా కేసులు మొదలయ్యాయి. దళిత పత్రిక ‘విద్రోహి’ సంపాదకుడు సుధీర్ ధావలేను 2011 జనవరిలో ఉపా కింద పట్టుకుని నలభై నెలలు జైల్లో పెట్టారు. 2014లో కోర్టు నిర్దోషి అన్నది. 2018 జూన్‌లో మళ్లీ పట్టుకున్నారు. 2025 జనవరిలో బెయిలు వచ్చేసరికి ఆరున్నరేళ్లు, అప్పటికి విచారణ మొదలే కాలేదు. ఒక సంపాదకుడి పదేళ్ల రాతను తినెయ్యడానికి ఒక్క శిక్ష కూడా అవసరం కాలేదు.

మన విశ్వవిద్యాలయాల సంగతి ఏమిటి? 2015లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ విద్యార్థి సంఘం యాకూబ్ మెమన్ ఉరిని వ్యతిరేకించింది. అది టాడా కేసులో వేసిన ఉరి. మరణశిక్ష వద్దు అనడం అంబేద్కర్ కూడా రాజ్యాంగ సభలో అన్న మాటే. అయినా ఆ యూనివర్సిటీ జాతివ్యతిరేక రాజకీయాలకు అడ్డా అయిందని ఒక కేంద్రమంత్రి ఢిల్లీకి ఉత్తరం రాశారు. అయిదుగురు దళిత విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెలేశారు. వాళ్లు ఆరుబయట వెలివాడ వేసుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. రోహిత్ మీద ఉపా కేసు లేదు. కేసు పెట్టనవసరం లేకుండానే ఆ చట్టం భాష పనిచేసింది. ‘జాతివ్యతిరేకి’ అన్న మాట కోర్టుదాకా రానక్కర్లేదు, వీసీ గదిదాకా వస్తే చాలు.

2018 ఆగస్టు 28న హైదరాబాదులో ఇఫ్లూ ఆచార్యుడు, దళిత సాహిత్య పరిశోధకుడు కె. సత్యనారాయణ ఇంటిని పుణె పోలీసులు సోదా చేశారు. ఇంట్లో దేవుళ్ల పటాలు లేకుండా ఫూలే, అంబేద్కర్ పటాలెందుకున్నాయి, ఇన్ని పుస్తకాలెందుకు చదువుతారు అని తనను అడిగారని ఆయన పత్రికలకు చెప్పారు. ఈ ప్రశ్నలు కొత్తగా ఉన్నాయా? చదువుకున్న ప్రతి మాల, మాదిగ పిల్లవాడూ ఊరి రచ్చబండ దగ్గర విన్నవే గదా. పోలీసు అధికారి అడిగింది టెర్రరిజం గురించి కాదు, శూద్రాతిశూద్రులకు చదువెందుకన్న పాత ప్రశ్న.

2018: ఒకే ఏడాది, రెండు తీర్పులు

ఆ ఏడాదిని మేము ప్రత్యేకంగా చదవమంటున్నాం. జనవరి 1న భీమా కోరేగావ్‌లో, 1818 నాటి యుద్ధానికి 200 ఏళ్లయిన సందర్భంగా చేరిన దళితుల మీద దాడి జరిగింది. మర్నాడే ఒక దళిత స్త్రీ ఫిర్యాదుతో ఇద్దరు హిందుత్వ నాయకుల మీద అత్యాచారాల చట్టం కింద కేసు పెట్టారు. ఒకరిని మార్చిలో అరెస్టు చేస్తే ఏప్రిల్లో బయటికొచ్చాడు. రెండో ఆయన్ని అరెస్టే చేయలేదు. ఇంకో కేసు డిసెంబర్ 31న పుణెలో జరిగిన ఎల్గార్ పరిషత్ మీద. అందులో పదహారు మంది అరెస్టయ్యారు. లాయర్లు, అధ్యాపకులు, కవులు, గాయకులు. స్టాన్ స్వామి 84 ఏళ్ల వయసులో 2021 జూలై 5న బెయిలు రాకుండానే కన్నుమూశారు. ముద్దాయిల్లో ఒకరి కంప్యూటర్‌లోకి బయటినుంచి ఉత్తరాలు చొప్పించారని 2021లో ఒక అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ నివేదిక ఇచ్చింది. ఆనంద్ తేల్తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు లొంగిపోవాల్సొచ్చింది. 2022 నవంబర్ 26న, రాజ్యాంగ దినాన బయటికొచ్చారు. టెర్రరిస్టు చర్య చేశారనడానికి ప్రాథమిక ఆధారం కనిపించడం లేదని బొంబాయి హైకోర్టు బెయిలు ఉత్తర్వులో అన్నది. ఆ ఒక్క వాక్యం రావడానికి రెండేళ్ల ఏడు నెలలు పట్టింది.

అదే 2018లో మార్చి 20న సుప్రీంకోర్టు అత్యాచారాల చట్టం దుర్వినియోగమవుతోందని ఆందోళన పడింది. ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదని, ముందు ప్రాథమిక విచారణ జరపాలని, ముందస్తు బెయిలు ఇవ్వొచ్చని ఆదేశాలిచ్చింది. ఏప్రిల్ 2న దళితులు దేశమంతా బంద్ చేశారు, చాలామంది ప్రాణాలు పోయాయి. ఆగస్టులో పార్లమెంటు చట్టం సవరించింది. 2019 అక్టోబర్‌లో కోర్టు తన ఆదేశాల్ని తానే వెనక్కి తీసుకుంది. ఈలోగా 2019 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు వటాలీ కేసులో ఉపా గురించి చెప్పిందేమిటి? బెయిలు దశలో సాక్ష్యాన్ని లోతుగా తరచి చూడొద్దు, పోలీసుల కథ పైకి నిజంలా కనిపిస్తే చాలు అని. వాడకొస్తే కొట్టించుకున్న దళితుడి ఫిర్యాదును అనుమానించాలి, పోలీసు డైరీని నమ్మాలి. న్యాయశాస్త్రం పుస్తకాల్లో ఈ రెండు తీర్పులూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. వాటిని ఒకే పేజీలో పెట్టడమే దళిత పఠనం.

మన మీదికొచ్చే ప్రశ్న

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, దాన్ని దాటేస్తే మా వాదన నిలవదు. అత్యాచారాల చట్టం కూడా ప్రత్యేక చట్టమే. దాని 18వ సెక్షన్ ముందస్తు బెయిలు లేదంటుంది. కులం పేరుతో నలుగురిలో దూషిస్తే నేరమంటుంది, అంటే అదీ మాటను శిక్షిస్తుంది. మరి ఆ చట్టాన్ని కావాలంటూ ఉపాను వద్దనడం ఎట్లా?

మా జవాబు మూడు ముక్కల్లో చెప్తాం. ఒకటి, అత్యాచారాల చట్టం అరెస్టుకు ముందు బెయిలునే ఆపుతుంది. అరెస్టయ్యాక మామూలు బెయిలుకు అడ్డులేదు, నిందితులకు అది దొరుకుతూనే ఉంది. ఉపా రెండిటినీ ఆపుతుంది. 2008లో చేర్చిన 43డి సెక్షన్ ప్రకారం ఛార్జిషీటుకే 180 రోజుల గడువివ్వొచ్చు. రెండు, మొదటి చట్టం కాపాడేది ఊళ్లో బలవంతుడి ముందు నిలబడ్డ ఒక సాక్షిని. రెండోది కాపాడేది పోలీసు, సైన్యం, ఖజానా అన్నీ ఉన్న రాజ్యాన్ని. బలహీనుడికిచ్చిన ఊతకర్రనూ బలవంతుడి చేతి లాఠీనీ రెండూ కర్రలే గదా అనడం తర్కం కాదు. మూడు, కులదూషణ ఒక మనిషిని పేరుపెట్టి, నలుగురి ముందు నిలబెట్టి అవమానించడం. రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనానికి అది కొనసాగింపు. ప్రభుత్వ విధానాన్ని తప్పు పట్టడం, కశ్మీర్ గురించో బస్తర్ గురించో మాట్లాడటం ఎవర్నీ అట్లా కించపరచదు. ఉపా మాత్రం దేశం పట్ల ‘అప్రీతి’ కలిగించే మాటను కూడా చట్టవ్యతిరేక కార్యకలాపమంటుంది. ఏ ఇద్దరు పోలీసు అధికార్లూ ఒకే రకంగా అర్థం చెప్పలేని మాట అది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఊతకర్ర కూడా పోలీసు చేతిమీదుగానే వస్తుంది. ఎస్సై రాస్తేనే ఎఫ్‌ఐఆర్. అందుకే పోలీసుకు అంతులేని అధికారమిచ్చే ఏ చట్టమైనా చివరికి మన ఫిర్యాదును కూడా అతడి దయకు వదిలేస్తుంది. 2006లో ఖైర్లాంజీ హత్యల మీద మహారాష్ట్ర దళితులు వీధుల్లోకొస్తే నాటి రాష్ట్ర హోంమంత్రి దానివెనుక నక్సలైట్లున్నారన్నారు. బాధితుడు గొంతెత్తగానే అనుమానితుడైపోయాడు. ఒక చట్టం కింద ఫిర్యాదుదారు రెండో చట్టం కింద ముద్దాయి కావడానికి ఒక్క ఊరేగింపు దూరమే.

ఏం చేయాలి

1949 సెప్టెంబర్‌లో అంబేద్కర్ రాజ్యాంగ సభలో అరెస్టయినవాడికి రక్షణలిచ్చే 15ఏ అధికరణాన్ని ప్రవేశపెట్టారు. అదే ఇప్పటి 22వ అధికరణం. ‘తగిన న్యాయ ప్రక్రియ’ అన్న మాటను అంతకుముందు తీసేసినందుకు ఇది పరిహారమని ఆయనే చెప్పారు. ఉన్నదంతా దక్కలేదని తెలిసి, దక్కినదాన్ని గట్టిగా కట్టుకున్న మనిషి మాట అది. ఆ పరిహారాన్ని కూడా టాడా, పోటా, ఉపా ఒక్కొక్క ఇటుకే పీకాయి. 2016 నుంచి 2019 దాకా ఉపా కింద 5,922 మందిని అరెస్టు చేశామని, 132 మందికి శిక్షపడిందని కేంద్ర హోంశాఖే పార్లమెంటుకు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌తో టెర్రరిజాన్ని మామూలు శిక్షాస్మృతిలోకే తెచ్చింది. దాని కింద పెట్టాలా ఉపా కింద పెట్టాలా అన్నది ఎస్పీ స్థాయి అధికారి నిర్ణయిస్తాడు. టాడాకూ పోటాకూ గడువు ఉండేది. ఇప్పుడు ఆ గడువు కూడా లేదు.

పౌరహక్కుల మిత్రులకు మేము చెప్పేది ఒకటే. మీ పౌరుడికి కులం పెట్టండి. ఉపా కేసుల జాబితా వేసేటప్పుడు ముద్దాయి ఊళ్లో ఏ దిక్కున ఉంటాడో రాయండి. కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలబడ్డ బొజ్జా తారకం, ఎమర్జెన్సీలో జైలుకెళ్లినవాడు కూడా. ఆయనకు ఈ రెండు పోరాటాలూ వేరు కాలేదు. బాలగోపాల్‌కూ కాలేదు. తర్వాత మనమే విడగొట్టుకున్నాం.

మన ఉద్యమానికీ ఒక మాట. ఎల్గార్ కేసులో మనవాళ్లు పోయినప్పుడు మనం కొన్ని ప్రకటనలిచ్చి ఊరుకున్నాం. పేర్లు కలిపితే మన సభలకు పర్మిషన్ రాదని, మన పిల్లల ఉద్యోగాలు పోతాయని లోలోపల భయపడ్డాం. ఆ భయం అబద్ధం కాదు, సిగ్గుపడాల్సింది కూడా కాదు. కానీ దానికి పేరు పెట్టాలి. ప్రజల్లో ఒక వర్గం నోరు విప్పడానికి భయపడుతున్నదంటే చట్టం నిర్వచనం ప్రకారం భయోత్పాతం కలిగించింది ఎవరు? ఈ ప్రశ్నను వచ్చే ఏప్రిల్ 14 సభల్లో, విగ్రహానికి దండ వేసిన తర్వాత, మైకులో అడగాలి. 1985లో చీరాల శిబిరంలో కూర్చున్నవాళ్లు ఇంతకన్నా ఎక్కువ భయంలోనే మాట్లాడారు.